జితూనా చుట్టూ అంగళ్ళు: ట్యునీషియాలో మా సెలవులు

(ఒక గ్రంథాలయ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన వేసవి సెలవుల్లో మేం ఇంటిల్లిపాదీ ట్యునీషియా వెళ్ళి వచ్చాం. మావారు, మా అత్తయ్య, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, రెండో తరగతి పిల్లాడు, నేను. అది తెలిసి కార్యదర్శి గారు ఈ నెల మీరే మాట్లాడాలన్నారు. ట్రిప్పు చిన్నది. ఎడారి వైపు వెళ్ళనే లేదు. రాజధాని ట్యూనిస్, దాని చుట్టుపక్కల, అక్కణ్ణుంచి ఇంకాస్త కిందికి దిగి ఎల్ జెమ్, కైరువాన్. అంతే. అందుకని దేశమంతటి గురించి చెప్పబోవడం లేదు. పాత కట్టడాల గురించి, పాత బజార్ల గురించి చెబుతాను. ఈ రెండూ వేరువేరు కావని అక్కడ తిరిగినకొద్దీ నాకు గట్టిగా అనిపించింది.

మనం టూర్ వెళితే ఎలా ప్లాన్ చేసుకుంటాం? పొద్దున్న కోట, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం ఓపిక మిగిలితే షాపింగ్. కోట దగ్గర గైడ్ చెప్పేది శ్రద్ధగా వింటాం. బజారుకు వెళ్ళాక బేరం తప్ప ఇంకో ధ్యాస ఉండదు. ట్యూనిస్ పాత నగరంలో ఇలా తిరిగితే సగం చూడనట్టే. అక్కడ బజారే అన్నిటికన్నా పెద్ద కట్టడం.

ముందు ఆ దేశం ఎక్కడుందో చెప్పేస్తాను, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి. ఆఫ్రికా ఖండం ఉత్తరపు అంచున, అల్జీరియాకూ లిబియాకూ మధ్య ఉంటుంది. ఎదురుగా మధ్యధరా సముద్రం. దాటితే ఇటలీ వాళ్ళ సిసిలీ దీవి, సుమారు 150 కిలోమీటర్లు. విస్తీర్ణం దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. జనాభా మాత్రం 1.2 కోట్ల లోపే. 1881 నుంచి 1956 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది. అందరూ అరబిక్ మాట్లాడతారు, ఫ్రెంచి చాలామందికి వచ్చు. ఇంగ్లీషుతో హోటల్లో నెట్టుకురావచ్చు గానీ గల్లీల్లో కష్టం. మా అమ్మాయి ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకుని మా అందరికీ దుబాసీ అయింది.

పాత నగరాన్ని మెదీనా అంటారు. 1979లోనే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మసీదులు, మదరసాలు, భవంతులు, సమాధులు, నీటి ఫౌంటెన్లు అన్నీ కలిపి 700 దాకా చారిత్రక కట్టడాలున్నాయి లోపల. ఫ్రెంచివాళ్ళు కట్టిన కొత్త నగరంలోంచి తిన్నగా నడుచుకుంటూ వెళితే బాబ్ ఎల్ బహర్ అనే రాతి ద్వారం వస్తుంది. అటూ ఇటూ ఉండాల్సిన గోడ ఎప్పుడో పోయింది. ద్వారం ఒక్కటే చౌక్ మధ్యలో నిలబడి ఉంటుంది. అది దాటాక రెండు గల్లీలు చీలతాయి. ఎడమ చేతి వైపుది జితూనా మసీదుకు తీసుకెళ్తుంది. మొదట కాస్త దూరం అంతా టూరిస్టు సరుకే. అయస్కాంతపు బొమ్మలు, తోలు చెప్పులు, ఎక్కడైనా దొరికే టీషర్టులు. చాలామంది అక్కడే ఆగిపోయి, ఇదేనా మెదీనా అని పెదవి విరిచి వెనక్కి వెళ్ళిపోతారు. ఇంకాస్త నడవాలి.

జితూనా మసీదుకు ఏడో శతాబ్దం చివర, ఎనిమిదో శతాబ్దం మొదట్లో పునాది పడిందంటారు. ఇప్పుడు మనకు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం 9వ శతాబ్దపు అఘ్లబిద్ పాలకుల కాలానిది. ప్రార్థన మందిరంలోకి ముస్లింలు కానివాళ్ళను రానివ్వరు. ఆవరణ మాత్రం కొన్ని గంటల్లో చూడనిస్తారు. అక్కడ స్తంభాలను తీరిగ్గా చూడండి. తలకట్లన్నీ ఒకే తీరులో ఉండవు. ఒకదానికి ఆకుల చెక్కడం, పక్కదానికి చుట్టలు తిరిగిన కొమ్ముల్లాంటిది. ప్రార్థన మందిరం వైపున్న పాత స్తంభాలు ట్యూనిస్ పక్కనున్న ప్రాచీన నగరం కార్తేజ్ శిథిలాల నుంచి, ఇతర రోమన్ కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు బజారు. మసీదు చుట్టూ అల్లుకున్న బజార్లను సూక్‌లు అంటారు. ఒక్కో వృత్తికి ఒక్కో సూక్. ఏ వృత్తి ఎక్కడుండాలనేదానికి ఒక వరస ఉంది. మసీదు గోడను ఆనుకుని అత్తర్లవాళ్ళు, పక్కనే మేలు రకం బట్టలవాళ్ళు, పుస్తకాలవాళ్ళు. వాళ్ళ వల్ల చప్పుడుండదు, దుర్వాసన రాదు, నిప్పు భయం లేదు. అక్కణ్ణుంచి దూరం జరిగేకొద్దీ రాగి పనివాళ్ళ సుత్తి దెబ్బలు మొదలవుతాయి. రంగులద్దేవాళ్ళు, తోళ్ళు ఊనేవాళ్ళు, కమ్మరులు ఊరి అంచులకు, ద్వారాల దగ్గరికి. వాళ్ళకు నీళ్ళు కావాలి, వాళ్ళ మురుగు బయటికి పోవాలి. ఈ వరస హఫ్సిద్ రాజుల కాలంలో, అంటే 13వ శతాబ్దంలో కుదురుకుంది. అత్తర్ల సూక్ అప్పటిదే. ఇన్ని వందల ఏళ్ళ తరవాత ఆ వరస కొంత చెదిరింది, నిజమే. కానీ ఇంకా తెలుస్తుంది. మా అత్తయ్యకు చూపు మందగించింది. ఆవిడ గులాబీ నీళ్ళు, నారింజ పూల అత్తరు వాసన తగలగానే "మసీదు దగ్గరికొచ్చేశాం కదూ" అనేవారు. మేమంతా ఫోన్లో మ్యాపు చూసుకుంటుంటే ఆవిడ ముక్కుతో దారి చెప్పారు.

ఇంత పద్ధతిగా ఉన్న నగరం కూడా కొంచెంలో పోయేదే. 1960లలో కొత్త నగరపు పెద్ద రోడ్డును మెదీనా మధ్యలోంచి పొడిగించి అవతలి వైపున్న ప్రభుత్వ కార్యాలయాల దాకా తీసుకెళ్ళాలని ఆలోచన చేశారు. అప్పట్లో అదే అభివృద్ధి. దాన్ని ఎదిరించి వాస్తుశిల్పులు, చరిత్రకారులు నిలబడ్డారు. 1967లో మెదీనా పరిరక్షణ సంఘం ఏర్పడింది. రోడ్డు పడలేదు. ఆ సంఘం ఊరికే కూర్చోలేదు. హఫ్సియా అనే పేటలో పడిపోయిన ఇళ్ళను పాత గల్లీల తీరు చెడకుండా తిరిగి కట్టించే పని చేపట్టారు. దానికి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం రెండు సార్లు, 1983లో, 1995లో వచ్చింది. రోడ్డు వెడల్పు అనగానే మన ఊళ్ళలో ముందు పోయేవి పాత బజారు అరుగులే. అందుకే ఈ సంగతి ఇక్కడ చెప్పాలనుకున్నాను. అడ్డుపడితే ఆగుతాయి అనడానికి అది సాక్ష్యం.

షెషియా సూక్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమనుకోకండి. మాది నేత కుటుంబం. నూలు, ఉన్ని, రంగు కనిపిస్తే అక్కణ్ణుంచి నన్ను కదపడం కష్టం.

షెషియా అంటే ఎర్రటి ఉన్ని టోపీ. గట్టిగా, నున్నగా, కుట్టు ఎక్కడా లేకుండా ఉంటుంది. 1609లో స్పెయిన్ రాజు, ముస్లిం మూలాలున్న తన ప్రజలందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. కట్టుబట్టలతో వచ్చిన వాళ్ళలో చాలామందికి ట్యూనిస్ చోటిచ్చింది. వాళ్ళు వెంట తెచ్చుకున్నది చేతిలో విద్య. టోపీల పనిని పెద్ద పరిశ్రమ చేసి, మధ్యధరా చుట్టూ ఉన్న ఒట్టోమన్ రాజ్యమంతటికీ అమ్మారు. ఇప్పటికీ లిబియాకు ముదురు రంగువి, నైజీరియా లాంటి పశ్చిమాఫ్రికా దేశాలకు ఇంకో రకానివి వెళ్తాయి.

ఒక్క టోపీ ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో చూడండి. ముందు తెల్ల ఉన్నితో ఆడవాళ్ళు ఇళ్ళల్లో అల్లుతారు. ఈ పనికి ట్యూనిస్ పక్కనున్న అరియానా పేరుపడింది. అల్లినప్పుడు అది వదులుగా సంచీలా ఉంటుంది. దుకాణంలో ఆయన ఒకటి తీసి మా పిల్లాడి తల మీద వేస్తే భుజాల దాకా దిగింది. దాన్ని మెజెర్దా నది ఒడ్డున ఎల్ బతాన్ అనే ఊరికి పంపేవాళ్ళు. అక్కడ వేడినీళ్ళు, సబ్బు వేసి బాగా మర్దిస్తే ఉన్ని పోగులు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని, టోపీ కుంచించుకుపోయి దళసరి కంబళి ముక్క అయిపోతుంది. అల్లిక కళ్ళు మరి కనపడవు. రంగు వేయడానికి జాగువాన్ కొండ ఊరు. అక్కడి ఊట నీళ్ళకు రంగు బాగా పడుతుందని పేరు. చివరికి ట్యూనిస్ సూక్‌కు వచ్చి, అచ్చు మీద ఎక్కి, నునుపు తేలుతుంది.

ఆ నునుపు తేల్చే పని మేం దగ్గర కూర్చుని చూశాం. ఎండిన ముళ్ళకాయలు, అవి ఒకరకం ముళ్ళ మొక్క పూలు ఎండితే మిగిలేవి, వాటిని చెక్క పిడికి వరసగా బిగించారు. పెద్దాయన టోపీని మోకాలికి తొడుక్కుని, ఆ ముళ్ళతో పైపైన దువ్వుతున్నాడు. ఒకే వైపుకు, ఒకే ఒత్తిడితో. నూగు పైకి లేస్తుంది, మళ్ళీ అణుస్తాడు, మళ్ళీ దువ్వుతాడు. ఇనప బ్రష్షు వాడకూడదా అని మా అమ్మాయి యాప్‌లో అడిగింది. ఆయన ఒక ముళ్ళకాయ తీసి దాని అరచేతి మీద రాశాడు. గుచ్చుకోలేదు. కొన వంగుతుంది. ఇనుమైతే పోగు తెగుతుంది, ఇదైతే తెగేలోపు తానే వంగిపోతుంది. అది తెలుసుకోవడానికి మా అమ్మాయికి తర్జుమా అవసరం పడలేదు.

అలాంటి కార్ఖానాలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. నిత్యం టోపీ పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. మేం రెండు టోపీలు కొన్నాం. బేరం ఆడబుద్ధి కాలేదు. మావారు నోరు తెరవబోతే మా అత్తయ్యే వద్దన్నారు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ చేతుల కష్టం తెలుసు కదండీ.

అదే వరసలో ఇంకో చౌక్ ఉంది, సూక్ ఎల్ బెర్కా. ఇప్పుడది బంగారం కొట్ల బజారు. పెళ్ళివాళ్ళతో కళకళలాడుతూ ఉంటుంది. 17వ శతాబ్దంలో కట్టినప్పుడు మాత్రం అది మనుషుల్ని అమ్మే బజారు. సహారా అవతలి నుంచి తెచ్చిన నల్లవాళ్ళను, సముద్రం మీద పట్టుబడ్డ యూరప్ వాళ్ళను అక్కడ నిలబెట్టి వేలం వేసేవాళ్ళు. 1841లో అహ్మద్ బే అనే పాలకుడు ఆ బజారు మూయించాడు. 1846 జనవరిలో బానిసత్వాన్నే రద్దు చేశాడు. ఫ్రాన్స్ తన వలసల్లో రద్దు చేసింది 1848లో, అమెరికా 1865లో. చిన్న ముస్లిం రాజ్యం వాళ్ళకంటే ముందుంది. ఇది పిల్లలకు చెప్పాలా వద్దా అని నేనూ మావారూ కాస్త తటపటాయించాం. చెప్పాం. మా అమ్మాయి గాజుల అద్దాల ముందు చాలాసేపు మాట్లాడలేదు. చెప్పడమే మంచిదైంది అనుకుంటాను. ఆ గల్లీల అందం ఒక్కటే చూపించి తీసుకొచ్చేస్తే పిల్లలకు సగమే చూపినట్టు.

ఇక కార్తేజ్. ట్యూనిస్ నుంచి సముద్రం వెంబడి లోకల్ రైలు ఉంది. 1872లో మొదలైన లైను. స్టేషన్ల పేర్లలో కార్తేజ్ సలాంబో, కార్తేజ్ బిర్సా, కార్తేజ్ హన్నిబాల్ అని వస్తుంటాయి. పిల్లలకు ఆ పేర్లు వింటేనే హుషారు. ఇప్పటి లెబనాన్‌లోని టైర్ నగరం నుంచి ఎలిస్సా రాణి వచ్చి క్రీస్తుపూర్వం 814లో కార్తేజ్ కట్టించిందని గాథ. ఆ నగరం సముద్ర వర్తకంతో పెరిగింది. రోమ్‌తో మూడు యుద్ధాలు చేసి క్రీస్తుపూర్వం 146లో నేలమట్టమైంది. రోమన్లు ఆ నేలలో ఉప్పు చల్లారని ఇప్పటికీ చాలాచోట్ల చదువుతాం. ప్రాచీన రచయితలెవరూ ఆ మాట రాయలేదు, అది చాలా కాలం తరవాత పుట్టిన కథ. ఉప్పు చల్లడం అటుంచి, రోమన్లే వంద, నూట యాభై ఏళ్ళలో అక్కడ మళ్ళీ మహానగరం కట్టారు.

నిజం చెప్పాలంటే కార్తేజ్‌లో మిగిలింది తక్కువ. సముద్రం ఒడ్డున 2వ శతాబ్దపు ఆంటొనైన్ స్నానశాలలు బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ మనం నడిచేది వాటి కింది అంతస్తులో, పనివాళ్ళు పొయ్యిలు మండించిన చోట. రోమన్ పెద్దలు స్నానాలు చేసిన అంతస్తు మన తల మీద ఉండాలి, అది లేదు. మిగతా రాళ్ళు ఏమయ్యాయని మా పిల్లాడు అడిగాడు. జితూనాలో చూశాం కదా నాన్నా అన్నాను. అక్కడి స్తంభాలు, కైరువాన్ మసీదు స్తంభాలు చాలావరకు ఇలాంటి చోట్ల నుంచి వెళ్ళినవే. వెయ్యేళ్ళ పాటు కార్తేజ్ చుట్టుపక్కల ఊళ్ళకు రాతి గని. అందుకే కార్తేజ్‌కు ఒక్క పూట చాలు. తక్కిన టైము ఆ రాళ్ళు చేరిన చోట గడపండి.

అదే రైల్లో ఇంకాస్త వెళితే సిది బూ సైద్. కొండ మీద తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు. మీరంతా ఫొటోల్లో చూసే ఉంటారు. 1915 నుంచే ఆ ఊరి రూపాన్ని మార్చకుండా కాపాడే ఉత్తర్వు ఉంది. మాకు ఆ నీలం కన్నా ఎక్కువ గుర్తున్నది మల్లెలు. విచ్చీవిచ్చని మొగ్గల్ని ఒక్కొక్కటీ సన్నటి గడ్డి పుల్లకు గుచ్చి, పుల్లలన్నీ కలిపి దారంతో చుట్టి చిన్న చెండు చేస్తారు. మష్మూమ్ అంటారు. వేసవి సాయంత్రాలు కాఫీ హోటళ్ళ ముందు బుట్టల్లో పెట్టుకుని అమ్ముతారు. మగవాళ్ళు కొనుక్కుని చెవి మీద పెట్టుకుంటారు. ఎవరూ వింతగా చూడరు, చాలా మామూలుగా. మా అత్తయ్యకు అదెంత నచ్చిందో చెప్పలేను. రాత్రికి గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఆ చెండు పెట్టుకుంటే తెల్లారేసరికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి.

బార్డో మ్యూజియం గురించి ఒకటే చెబుతాను, ఎందుకంటే అక్కడివన్నీ చెప్పాలంటే ఈ రాత్రి చాలదు. రోమన్ కాలపు మొజాయిక్‌లకు, అంటే రంగురాళ్ళ ముక్కలు పొదిగిన బొమ్మలకు, ప్రపంచంలో అంత పెద్ద కొలువులు ఒకటో రెండో ఉంటాయి. 2015 మార్చి 18న అక్కడ ఉగ్రవాదులు కాల్పులు జరిపి 22 మందిని చంపారు. చాలామంది విదేశీ టూరిస్టులు. మ్యూజియం ఆ నెలలోనే మళ్ళీ తెరిచారు. అందులో కార్తేజ్‌లో దొరికిన ఒక మొజాయిక్ ఉంది. జూలియస్ అనే భూస్వామి ఇల్లు, పొలం, నాలుగు కాలాల పనులు. మనం జూలియస్‌ను చూడనక్కర్లేదు. అంచుల్లో చూడండి. ఒకతను రెండు బాతుల్ని పట్టుకొస్తున్నాడు. ఒకావిడ ఆలివ్ పళ్ళ బుట్ట తెస్తోంది. కొందరు చెట్టు నుంచి ఆలివ్‌లు రాలుస్తున్నారు. ఇంకొకతని చేతిలో ప్రాణంతో ఉన్న కుందేలు. పదహారు వందల ఏళ్ళనాటి ఆ సరుకే మర్నాడు పొద్దున్న సెంట్రల్ మార్కెట్‌లో మా కళ్ళముందు ఉంది.

సెంట్రల్ మార్కెట్ మెదీనా బయట, 1891లో కట్టిన పాత హాలు. అక్కడ చేపలు ఒక పక్క, చీజ్ ఒక పక్క. ఆలివ్‌లు ఇన్ని రంగుల్లో ఉంటాయని నాకు తెలీదు. కానీ మనవాళ్ళ కాళ్ళు ఆగేది హరిస్సా ముందు. ఎండుమిరపకాయల గింజలు తీసేసి, నానబెట్టి, వెల్లుల్లి, ఉప్పు, ధనియాలు, షాజీరాకు దగ్గరి చుట్టమైన ఒక దినుసు వేసి దంచుతారు. పైన ఆలివ్ నూనె పోస్తారు. ఎర్రటి కుప్పలు కుప్పలుగా పెట్టి తూకానికి అమ్ముతారు. ఈ హరిస్సాను, చేసే పద్ధతితో సహా, యునెస్కో 2022లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. చూడగానే మా అత్తయ్య "ఇది మన కొరివికారమే" అన్నారు. రుచి వేరే, ఘాటు కాస్త తక్కువ. కానీ చుట్టరికం ఉంది. మిరప అమెరికా ఖండాల పంట. స్పెయిన్ వాళ్ళ ఓడల్లో మధ్యధరాకు చేరింది. 1535 నుంచి 1574 దాకా ట్యూనిస్ రేవు దగ్గరి లా గులెత్ కోట స్పెయిన్ గుప్పిట్లోనే ఉంది. మన వైపుకు అదే శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. గుంటూరులోనైనా, హరిస్సాకు పేరుపడ్డ నాబుల్‌లోనైనా మిరప వయసు అయిదొందల ఏళ్ళ లోపే. ఇప్పుడది లేకుండా ఈ రెండు చోట్లా ముద్ద దిగదు.

శాకాహారులు ఏం తినాలని చాలామంది అడిగారు. లబ్లబి అని ఉడికించిన శనగల పులుసు ఉంటుంది. గిన్నెలో రొట్టె ముక్కలు తుంచుకుంటే, మీద వేడి శనగలు, జీలకర్ర పొడి, హరిస్సా, నిమ్మరసం, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. గుడ్డు, ట్యూనా చేప వద్దని ముందే చెప్పాలి. ట్యూనాను వాళ్ళు చేప కింద లెక్కవేయరేమో అనిపిస్తుంది, సలాడ్ మీదా చల్లేస్తారు. మా అత్తయ్యకు పొద్దున్న లబ్లబి, రాత్రి రొట్టె, సలాడ్, ఖర్జూరాలు. ఏ ఇబ్బందీ పడలేదు.

ఎల్ జెమ్‌కు లువాజ్‌లో వెళ్ళాం. మన షేర్ ఆటోల పద్ధతే గానీ తెల్లటి వ్యాన్లు, ఎనిమిది మంది నిండితే కదులుతాయి. దూరపు ఊళ్ళకు వెళ్ళేవాటికి ఎర్ర చార. రేటు ప్రభుత్వం ఖాయం చేసింది కాబట్టి బేరం లేదు, టెన్షన్ లేదు. మేం ఐదుగురం కూర్చున్నాక ఇంకో ముగ్గురి కోసం ఎదురుచూశాం. దారంతా రెండు వైపులా ఆలివ్ తోటలు, వరసలు తప్పకుండా.

ఆ తోటల మధ్య చిన్న ఊరు, ఊరి నడుమ రోమన్ ఆంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్ల వరసలున్న పోటీల ప్రాంగణం. 3వ శతాబ్దానిది. 35,000 మంది కూర్చునేది. అంత పెద్దది ఆ చిన్న ఊళ్ళో ఎందుకు? రాజధాని కాదు, రేవు కాదు. జవాబు వచ్చిన దారిలోనే ఉంది. నూనె. ఆ చుట్టుపక్కల పండిన ఆలివ్ నూనె రోమ్‌కు వెళ్ళేది. తిస్‌డ్రస్ అని ఆ ఊరి పాత పేరు. ఆ నూనె డబ్బే ఇన్ని రాళ్ళను పేర్చింది. 238లో రోమ్ చక్రవర్తి మాక్సిమినస్ మనిషి పన్నుల కోసం అక్కడి భూస్వాముల్ని పీడిస్తే, వాళ్ళు ఎదురు తిరిగి అతన్ని చంపేశారు. ప్రాంతపు గవర్నరు, ముసలాయన గోర్డియన్‌ను చక్రవర్తిగా ప్రకటించారు. మూడు వారాల్లో ఆ తిరుగుబాటు అణగిపోయింది, ఆయనా పోయాడు. కానీ మాక్సిమినస్ కూడా ఆ ఏడాది దాటలేదు.

ఇది విన్నప్పుడు నాకు 2010 గుర్తొచ్చింది. అదే నడిమి ట్యునీషియాలో, సిది బూజిద్ అనే ఊళ్ళో తోపుడు బండి మీద పళ్ళు, కూరగాయలు అమ్ముకునే మొహమ్మద్ బువజీజీ. డిసెంబర్ 17న మునిసిపాలిటీ వాళ్ళు అతని సరుకు, తక్కెడ లాక్కున్నారు. చెప్పుకోవడానికి వెళితే ఎవరూ వినలేదు. కార్యాలయం ముందు ఒంటికి నిప్పంటించుకున్నాడు. జనవరి 4న చనిపోయాడు. పది రోజులకే, 2011 జనవరి 14న, ఇరవైమూడేళ్ళు ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు. ఆ మంట పక్క అరబ్బు దేశాలకూ పాకింది. భూస్వాముల కోపం, బండివాడి కోపం ఒకటి కాదు, వాళ్ళ బతుకులు ఒకటి కాదు. కానీ ఆ దేశంలో బజారు మీద చెయ్యి వేసిన పాలకుడు నిలబడిన దాఖలాలు తక్కువ.

ట్యూనిస్‌లో పుట్టినవాడే చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్, 1332లో. ఆయన విగ్రహం హబీబ్ బూర్గిబా వీధిలో ఉంది. 2011లో జనం పోగైంది ఆ వీధిలోనే. రాజ్యం కొత్తలో తక్కువ పన్నులు వేసి ఎక్కువ రాబడి తెచ్చుకుంటుంది, ముగింపు దగ్గరపడ్డాక ఎక్కువ పన్నులు వేసి తక్కువ రాబడి తెచ్చుకుంటుందని ఆయన రాశాడు. మసీదు, మదరసా, అంగడి ఒకే గల్లీలో ఉన్న ఊళ్ళో పెరిగిన మనిషికి ఆ చూపు రావడంలో వింత లేదు.

కైరువాన్ చివరిది. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ స్థాపించిన నగరం. పెద్ద మసీదు చూశాం, అఘ్లబిద్‌లు తవ్వించిన గుండ్రటి నీటి కుండాలు చూశాం, మఖ్రూద్ తిన్నాం. గోధుమ రవ్వ ముద్దలో ఖర్జూరం కూరి, వేయించి, పాకంలో ముంచే మిఠాయి అది. మా పిల్లాడికి కైరువాన్ అంటే ఇప్పటికీ మఖ్రూదే.

నాకు మాత్రం తివాసీలు. నిలువు మగ్గం మీద పడుగు పోగులకు ఒక్కొక్క ముడి వేసి, కత్తిరించి, వరస పూర్తయ్యాక పేక వేసి దువ్వెనతో దిగగొడతారు. వేసేది ఆడవాళ్ళే. అల్లూషా అనే రకంలో అద్దిన రంగే ఉండదు. గొర్రె ఒంటి మీది తెలుపు, గోధుమ, నలుపు ఉన్నితోనే ముగ్గంతా తీస్తారు. అక్కడ నాకు బాగా నచ్చింది ప్రభుత్వ హస్తకళల సంస్థ వేసే ముద్ర. తనిఖీ చేసి, రకం, నాణ్యత రాసి తివాసీకి తగిలిస్తారు. చదరపు మీటరుకు ఎన్ని ముడులో చెబుతారు. 10,000, 40,000, ఇంకా పైన.

మా నాన్న చీర చేతికిస్తే ముందు తిప్పి చూసేవారు. నేనూ తివాసీ తిప్పమన్నాను. మా అమ్మాయి పెన్సిల్ బాక్సులోంచి స్కేలు తీసింది. వెనక వైపు ముడులు గింజల్లా తేటగా కనిపిస్తాయి. పది సెంటీమీటర్లకు అడ్డంగా 20, నిలువుగా 20. ఇరవై ఇరవైలు నాలుగొందలు. చదరపు మీటరుకు ఇలాంటివి వంద గళ్ళు. "అమ్మా, నలభై వేలు, కరెక్టే!" అని అరిచింది. దుకాణదారు నవ్వుతూ ఇంకో తివాసీ తెచ్చి లెక్కపెట్టమన్నాడు. అందులో ముడులు తక్కువ, ధరా తక్కువే. అప్పుడు మా అమ్మాయి అడిగింది, ఒక ముడికి ఎంతసేపు పడుతుందని. మగ్గం మీదున్నావిడ వేసి చూపించింది. మేం కళ్ళు ఆర్పేలోపు ముడి పడింది. అలాంటివి నలభై వేలు అనుకునేసరికి ధర చీటీ మీద అంకె వేరుగా కనిపించడం మొదలైంది. మేం చిన్న తివాసీ ఒకటి తెచ్చుకున్నాం. కిందే పరిచాను, ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కాసిని మాటలు. సూక్‌లు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి, సాయంత్రం కూడా పెందలాడే కట్టేస్తారు. పొద్దున్నే వెళ్ళండి, పనివాళ్ళు పని చేస్తూ కనబడతారు. మసీదుల దగ్గర భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. డబ్బు దినార్లు, ఒక దినారుకు వెయ్యి మిల్లీమ్‌లు. దినార్లు దేశం బయటికి తేనివ్వరు, మిగిలినవి అక్కడే మార్చుకోవాలి. కరెన్సీ మార్చిన రసీదులు దాచిపెట్టుకోండి. పనివాణ్ణి ఫొటో తీసేముందు ఒక మాట అడగండి. చాలామంది సరేనంటారు. ఊరికే ఫొటో తీసుకుని వెళ్ళిపోకుండా కాసేపు కూర్చోండి, పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. ప్రోగ్రాంలో ఇంకో రెండు కట్టడాలు తగ్గితే తగ్గనివ్వండి.

షెషియాలు రెండూ తెచ్చాను, ముందు వరసలో పిల్లలు తీసుకోండి, తరవాత వెనక్కి పంపండి. హరిస్సా డబ్బా బల్ల మీద ఉంది, పక్కన రొట్టె ముక్కలున్నాయి. అడగాల్సినవి ఉంటే అడగండి, తెలిసినంతవరకు చెబుతాను.